స్లోలో ఆగిపోయే కారు



“బండి స్లోలో ఆగిపోతోందండీ.” పాత కారున్నవాళ్ళు మెకానిక్ దగ్గర ఎక్కువగా చెప్పుకునే కష్టం ఇదే. రోడ్డు మీద బాగానే పరిగెడుతుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి ఆపామో లేదో, వణికి ఆగిపోతుంది. వెనక హారన్ల మోత. మెకానిక్ బానెట్ ఎత్తుతాడు, స్క్రూడ్రైవర్ తీసి కార్బురేటర్ స్క్రూ అర చుట్టు తిప్పుతాడు. ఇంజన్ కాస్త రేస్ అవుతుంది, వణుకు తగ్గుతుంది, మనం డబ్బిచ్చి వచ్చేస్తాం. వారం తిరక్కుండా మళ్ళీ అదే గోల. ఈసారి పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

ఆ స్క్రూను ముట్టుకోవలసింది ఆఖర్న. మొట్టమొదట కాదు. ఈ పది పదిహేను నిమిషాలూ నేను చెప్పబోయేది దీని గురించే. పాత కారులో ఐడ్లింగ్ జబ్బు అని మనం పేరు పెట్టినదాని వేళ్ళు తరచు కరెంటులో ఉంటాయి. కరెంటు జబ్బు అనుకున్నది అప్పుడప్పుడూ పెట్రోలులో తేలుతుంది. ముందు కొలవాలి, ఆ తర్వాతే విప్పాలి.

ఉదాహరణకు మారుతి 800ని తీసుకుందాం. 1983 డిసెంబరులో ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు అందించిన నాటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా, మధ్యతరగతి ఇంటి ముందు నిలబడ్డ కారంటే అదే. కొత్త కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో దాని అమ్మకం ఆగిపోయింది. అయినా మన ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉంది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. 2000 ప్రాంతం దాకా కార్బురేటర్, ఆ తర్వాత ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఏర్పాటు. అంబాసిడర్, పద్మిని, పాత జెన్ వాడుతున్నవాళ్ళకు కూడా ఈ మాటలు చాలావరకు పనికొస్తాయి.

ఇంజన్ తన బరువు తాను మోసుకోవడానికి సరిపడా మాత్రమే పెట్రోలు మండించుకుంటూ తిరగడాన్ని ఐడ్లింగ్ అంటాం, షెడ్డు భాషలో స్లో. నిమిషానికి ఎనిమిది తొమ్మిది వందల చుట్లు. మరీ నెమ్మదిగా తొక్కే సైకిల్‌ను వేలితో తోసినా పక్కకు ఒరిగినట్టు, ఆ స్థితిలో ఏ చిన్న బరువు పడినా ఇంజన్ తూలుతుంది. హెడ్‌లైట్లు వేశారనుకోండి. 55 వాట్ల బల్బులు రెండు, వాటికి తోడు వెనక లైట్లు, మీటరు బోర్డు దీపాలు. మొత్తం 130 వాట్ల పైమాటే. ఇదంతా ఆల్టర్నేటర్ ఇవ్వాలి. మనవాళ్ళు దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. అది ఇంజన్ నుంచి తీసుకున్న శక్తిలో సగం చిల్లరే కరెంటు చేస్తుంది, మిగిలింది వేడిగా పోతుంది. అంటే ఒక్క లైట్ల వల్లే ఇంజన్ మీద దాదాపు పావు కిలోవాట్ బరువు. 60 కిలోమీటర్ల వేగంలో ఆ బరువు ఇంజన్ లెక్కచేయదు. సిగ్నల్ దగ్గర లెక్కచేస్తుంది.

అక్కడితో ఆగదు. ఇంజన్ కుంగితే ఆల్టర్నేటర్ నెమ్మదిస్తుంది, వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి పడితే ఇగ్నిషన్ కాయిల్‌కు అందేది తగ్గి, ప్లగ్గులో నిప్పురవ్వ నీరసపడుతుంది. దాంతో ఇంజన్ మరింత కుంగుతుంది. రాత్రిపూట, వానలో, వైపర్లూ బ్లోయరూ లైట్లూ కలిసి నడిచేటప్పుడే బండి ఎక్కువగా ఆగిపోవడం అందుకే.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? బ్యాటరీ దగ్గర. కొన్ని వందల రూపాయలకు డిజిటల్ మల్టీమీటర్ దొరుకుతుంది. పాత కారున్న ప్రతి ఇంట్లో స్టెప్నీతో పాటు ఇదీ ఉండాలని నా అభిప్రాయం. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో, పొద్దున్నే, ఇంజన్ వేయకముందు బ్యాటరీ రెండు కొనల మధ్య కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12 కంటే తక్కువైతే ముందు దాన్ని చార్జి చేయించండి, ఆ తర్వాతే మిగతా సంగతి. ఇప్పుడు ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి. ఆ కొద్ది క్షణాల్లో 10 వోల్టుల కంటే కిందికి బాగా జారిపోతే బ్యాటరీ అలిసిపోయిందనో, సెల్ఫ్ మోటారు మరీ ఎక్కువ లాగుతోందనో అర్థం. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండలకు బ్యాటరీ నీళ్ళు త్వరగా ఇంకిపోతాయి. మూతలున్న బ్యాటరీ అయితే వేసవిలో డిస్టిల్డ్ వాటర్ మట్టం తరచు చూసుకోవాలి. కుళాయి నీళ్ళు పొయ్యకండి.

బ్యాటరీ బాగానే ఉందని తేలాక ఎర్తు సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే చాలామంది మెకానిక్‌లు కూడా దీన్ని చూడరు. కారులో ప్రతి దీపానికీ ప్రతి మోటారుకూ ప్లస్ వైరు ఒకటి వెళ్తుంది. తిరిగొచ్చే దారి మాత్రం కారు ఇనుప శరీరమే. బ్యాటరీ మైనస్ నుంచి ఒక తీగ బాడీకి, ఒక తీగ ఇంజన్‌కు బిగించి ఉంటుంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ తీగ లేకపోతే ఇంజన్‌కు తిరుగుదారి లేనట్టే. పాతికేళ్ళ వానలకూ దుమ్ముకూ, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల అయితే ఉప్పుగాలికీ, ఆ బోల్టుల కింద తుప్పు పడుతుంది. రాగి తీగకు పచ్చటి చిలుము పడుతుంది. పైకి చూస్తే బోల్టు బిగువుగానే ఉంటుంది, కరెంటు మాత్రం పారదు.

అప్పుడు వింతలు మొదలవుతాయి. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమంటుంది. ఒక హెడ్‌లైటు తెల్లగా, ఇంకోటి పసుపుగా వెలుగుతుంది. హారన్ కొడితే టెంపరేచర్ ముల్లు కదులుతుంది. ఇంజన్ తీగ పూర్తిగా తెగిపోతే ఇంకో విడ్డూరం చూడవచ్చు. సెల్ఫ్ మోటారు లాగే వందకు పైగా ఆంపియర్లు వేరే దారి వెతుక్కుని ఎక్సలేటర్ కేబుల్ గుండానో చోక్ కేబుల్ గుండానో పోతాయి. కేబుల్ కాలిపోయేంత వేడెక్కుతుంది. కొత్త కేబుల్ వేయిస్తే అదీ కాలిపోతుంది. కేబుల్ కంపెనీని తిట్టుకుంటారు గానీ, దోషం ఎర్తు తీగది.

పరీక్ష తేలిక. మీటరును వోల్టుల్లో పెట్టి, ఒక కొన బ్యాటరీ మైనస్ పోలు మీద, ఇంకో కొన ఇంజన్ మీద రంగు లేని ఇనుము దగ్గర ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే మంచిది. అర వోల్టు దాటితే ఆ తీగ పోయినట్టే. మీటరు లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ ఇనుముకు కలపండి. అంతవరకు మూలిగిన సెల్ఫ్ ఒక్కసారిగా చురుగ్గా తిరిగితే జబ్బు దొరికింది. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త తీగ బిగించి, పైన కాస్త గ్రీజు పూస్తే వైద్యం పూర్తి. కార్బురేటర్ సర్వీసింగుకు అయ్యే దానిలో ఇది ఎన్నో వంతో మీరే లెక్క వేసుకోండి.

తర్వాత చార్జింగు. ఇంజన్ నడుస్తుండగా, లైట్లన్నీ ఆర్పి బ్యాటరీ మీద కొలిస్తే 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. ఇప్పుడు హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయండి. స్లోలో కొంచెం తగ్గడం సహజమే. 12.6 కంటే కిందికి వచ్చిందంటే ఆల్టర్నేటర్ చాలడం లేదు, బ్యాటరీ తన ఒంట్లోది తీసి ఇస్తోంది. కాస్త రేస్ ఇవ్వండి. మళ్ళీ 14 దరిదాపులకు రావాలి. రాకపోతే బెల్టు జారుతోందా, లోపల కార్బన్లు అరిగాయా అని చూడాలి. రేస్ ఇచ్చినప్పుడు 15 దాటిపోతే రెగ్యులేటర్ పోయింది. అది బ్యాటరీని ఉడికించి చంపుతుంది.

మీటరు బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ దీపాన్ని కూడా గమనించండి. తాళం తిప్పగానే, ఇంజన్ వేయకముందు అది వెలగాలి. వెలగకపోతే జబ్బేమీ లేదని సంతోషపడకండి. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్ మేల్కొనడానికి కావలసిన తొలి కరెంటు ఆ చిన్న బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోతే, ఒకసారి గట్టిగా రేస్ ఇచ్చేదాకా చార్జింగు మొదలుకాకపోవచ్చు.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. డైనమో పని చేస్తోందో లేదో చూడ్డానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకేస్తారు. అసలైన డైనమోల కాలంలో అది చెల్లింది. ఆల్టర్నేటర్ ఉన్న కారులో అలా పీకితే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి లోపలి డయోడ్లు, ఎంపీఎఫ్ఐ కారైతే కంప్యూటర్ కూడా కాలిపోవచ్చు. మీ ముందే ఎవరైనా ఆ పని చేయబోతే మొహమాటపడకుండా వద్దనండి.

ఇప్పుడు కరెంటూ ఐడ్లింగూ నేరుగా కలిసే చోటు. 1990ల నాటి చాలా కార్బురేటర్ల పక్కన బొటనవేలంత చిన్న ఇత్తడి రంగు సాలినాయిడ్ ఉంటుంది, దానికి ఒక వైరు. తాళం తిప్పగానే అది స్లో జెట్‌కు పెట్రోలు దారి తెరుస్తుంది, తాళం తీయగానే మూస్తుంది. ఆ వైరు ఊడినా, దాని ఫ్యూజు పోయినా స్లోకు పెట్రోలు అందదు. ఎక్సలేటర్ తొక్కి ఉంచినంతసేపు బండి నడుస్తుంది, కాలు తీయగానే ఆగుతుంది. అచ్చం కార్బురేటర్‌లో చెత్త పడ్డట్టే ఉంటుంది. ఇంజన్ వేయకుండా తాళం తిప్పి, ఆ వైరు ఊడదీసి మళ్ళీ తగిలించండి. తగిలించినప్పుడల్లా ‘టిక్’ మనాలి. అనకపోతే వైరులో 12 వోల్టులు వస్తున్నాయేమో టెస్ట్ లాంప్‌తో చూడండి. కరెంటు వస్తున్నా టిక్ లేదంటే సాలినాయిడ్ పోయింది. కరెంటే రాకపోతే వైరింగులో వెతకాలి. ఎలుక కొరికి ఉండవచ్చు కూడా. చలికాలంలో వెచ్చటి ఇంజన్ గది ఎలుకలకు మంచి కాపురం.

కరెంటు పక్క అంతా సరిగా ఉందంటే, అప్పుడు గాలి. కార్బురేటర్‌ను దాటుకుని ఎక్కడైనా దొంగదారిన గాలి లోపలికి వెళ్తే మిశ్రమం పలచబడి స్లో నిలవదు. బ్రేకు బూస్టరుకు వెళ్ళే లావుపాటి గొట్టం, సన్నటి వ్యాక్యూమ్ గొట్టాలు, కార్బురేటర్ కింది గాస్కెట్ ముఖ్యమైన అనుమానితులు. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో గొట్టాన్ని పట్టకారుతో మెత్తగా నొక్కి చూడండి. ఏది నొక్కినప్పుడు ఇంజన్ కుదుటపడితే ఆ దారిలోనే లీకు. కొందరు వేడి ఇంజన్ మీద పెట్రోలు చల్లి లీకు వెతుకుతారు. అది నిప్పుతో ఆట. మరో సంగతి. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు, కార్బురేటర్ లోపలి సీళ్ళు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టుతో మిశ్రమం ఇదివరకటి కంటే కొంచెం పలచన కూడా అవుతుంది. పాత రబ్బరంతా ఒకసారి మార్పించుకోవడం వృథా ఖర్చేమీ కాదు.

ప్లగ్గుల గురించి క్లుప్తంగా చెబుతాను. విప్పి చూస్తే కొన లేత గోధుమ రంగులో ఉండాలి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. నూనె తడి ఉంటే ఇంజన్ లోపల అరుగుదల. మూడు సిలిండర్ల బండిలో ఒక ప్లగ్గు మిస్సింగ్ కొట్టిందంటే మూడో వంతు శక్తి పోయినట్టే, కాబట్టి వణుకు స్టీరింగు దాకా తెలుస్తుంది. చీకట్లో బానెట్ ఎత్తి నడుస్తున్న ఇంజన్‌ను చూడండి. ప్లగ్ వైర్ల మీద నీలిరంగు మెరుపులు పాకుతుంటే వైర్లు మార్చాలి. చేయి మాత్రం పెట్టకండి, అక్కడున్నవి వేల వోల్టులు. ఇగ్నిషన్ పాయింట్లున్న పాత ఇంజనైతే వాటి సందు 0.4, 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. నల్లబడి గుంటలు పడ్డ పాయింట్లను రుద్దడం కంటే మార్చడమే నయం.

మన ఎండాకాలానికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. మధ్యాహ్నం దూరం నడిపి, టీ తాగడానికి పావుగంట ఆపి, మళ్ళీ వేస్తే బండి కదలదు. అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. దీనికి రెండు కారణాలుండవచ్చు. వేడికి పెట్రోలు గొట్టంలోనో పంపులోనో ఆవిరై దారికి అడ్డుపడటం ఒకటి. అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పేది దీనికే. రెండోది, వేడెక్కినప్పుడు ఇగ్నిషన్ కాయిల్ లోపల తీగ తెగి, చల్లారాక మళ్ళీ కలుసుకోవడం. పైకి రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే బండి మొండికేసిన ఆ నిమిషంలోనే చూడాలి. తెలిసినవాళ్ళ చేత ఒక ప్లగ్గు విప్పించి, వైరుకే తగిలించి, పెట్రోలు ఆవిరి లేని చోట ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. నిప్పురవ్వ గట్టిగా పడితే దోషం పెట్రోలుది. పడకపోతే కాయిల్‌ది, లేదా దానికి వచ్చే కరెంటుది. షెడ్డుకు తోసుకెళ్ళేసరికి అన్నీ చల్లారిపోతాయి, మెకానిక్‌కు ఏ జబ్బూ కనిపించదు. అతను అబద్ధమాడుతున్నాడని అనుకోకండి.

ఎంపీఎఫ్ఐ బండి అయితే స్లోను నిలబెట్టేది కంప్యూటర్. అక్కడ స్క్రూ తిప్పనే కూడదు. థ్రాటిల్ బాడీలో మసి, ఐడిల్ వాల్వు అంటుకుపోవడం, టెంపరేచర్ సెన్సార్ కనెక్టర్‌లో చిలుము మామూలుగా కనిపించేవి. ఆ సెన్సార్ నుంచి తప్పు సమాచారం వస్తే ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, పొగ గొట్టం దగ్గర పెట్రోలు వాసన. ఇంకొకటి, బ్యాటరీ మార్చిన రోజు స్లో కాస్త అటూ ఇటూ అయితే కంగారుపడకండి. కంప్యూటర్ నేర్చుకున్నది చెరిగిపోయి ఉంటుంది. కొంతసేపు నడిపితే సర్దుకుంటుంది.

నిలిపి ఉంచిన కారులో బ్యాటరీ దిగిపోయే జబ్బు కూడా చెప్పి ముగిస్తాను. డిక్కీలో 5 వాట్ల దీపం ఆరకుండా ఉండిపోయిందనుకోండి. అది 0.4 ఆంపియర్లు తాగుతుంది. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీని మూడున్నర రోజుల్లో ఖాళీ చేస్తుంది. వారానికోసారి తీసే కారుకు అంతకంటే ఏం కావాలి? అన్నీ ఆర్పి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, మధ్యలో మీటరును ఆంపియర్లలో పెట్టండి. 0.05 ఆంపియర్లు మించకూడదు. మించితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతే దొంగ ఆ దారిలో ఉన్నాడు. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటరు పోతుంది. చాలాసార్లు ఈ దొంగ కారుతో పుట్టినవాడు కాదు, మనం తర్వాత పెట్టించిన స్టీరియో, అదనపు హారన్లు, రంగు దీపాలు. వైరును మెలేసి టేపు చుట్టడం వైరింగు కాదు. రిలే, విడి ఫ్యూజు లేకుండా ఏదీ పెట్టించుకోవద్దు. పోయిన ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కార్లు తగలబడేది ఇలాగే.

ఇవి చేసేటప్పుడు కండువా, చున్నీ పక్కన పెట్టండి, ఫ్యాన్ బెల్టు దేన్నీ వదలదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపకండి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా స్లో నిలవకపోతే, అప్పుడు కార్బురేటర్ విప్పించండి, స్క్రూ తిప్పించండి. అదీ చెవితో కాదు, పొల్యూషన్ పరీక్ష చేసే గ్యాస్ మీటరు పెట్టి. ఆ పరీక్ష జరిగేది ఐడ్లింగ్‌లోనే. భారత్ స్టేజ్ 2 కంటే ముందు నాటి పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, మీ ఊరి చిన్న షెడ్డులోనైనా బండి అప్పగించేటప్పుడు ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాసివ్వండి: ఆగేది చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? లైట్లు వేస్తేనా, వేయకపోయినానా? పొద్దున బ్యాటరీ ఎన్ని వోల్టులు? ఇంజన్ నడుస్తుంటే ఎన్ని? ఆ కాగితం చదివాకే బానెట్ ఎత్తమనండి.